కౌన్సెలర్ మాట వినేదెవరు?

తాగుడు మాన్పించే ప్రయత్నాల చరిత్ర తెలుగులో ఎక్కువగా ఒకే దారిన నడుస్తుంది: 1992 దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఆ తర్వాత డీ అడిక్షన్ కేంద్రాలు. తాగేవాడి ఎదురుగా కూర్చుని మాట్లాడే కౌన్సెలర్ ఇందులో కనిపించడు. కనిపించినా ‘శిక్షణ పొందినవాడు’ అనడంతో సరి. అతని పనిని విని సరిదిద్దేవారు ఉన్నారా అని ఎవరూ అడగరు.

అడిగిన కొద్దిమంది, ఈ పర్యవేక్షణ డేవిడ్ పావెల్ 1993 నాటి పుస్తకం వంటివాటితో అమెరికాలో మొదలైందంటారు. అంతకుముందే ఉంది. 1920లలో బెర్లిన్ మనోవిశ్లేషణ క్లినిక్‌లో మాక్స్ ఐటింగన్ శిష్యుల కేసులను చర్చకు పెట్టించాడు. 1950లలో మిన్నెసోటాలోని విల్మర్ ఆసుపత్రి తాగుడు మానినవాళ్లనే కౌన్సెలర్లుగా పెట్టుకున్నా, వాళ్లను ఒంటరిగా వదల్లేదు. డాక్టరు, సైకాలజిస్టు ఉన్న బృందంలో కలిపింది. సొంత అనుభవం ఉంటే చాలు, పైన ఎవరూ అక్కర్లేదనే మాటకు ఆ చరిత్రలో ఆధారం లేదు.

మనకు దగ్గర్లో, 1980లో చెన్నైలో శాంతి రంగనాథన్ నెలకొల్పిన టీటీకే ఆసుపత్రి ఎందరో కౌన్సెలర్లను తయారుచేసింది. 1980ల మధ్య నుంచి కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తోంది. అక్కడి నుంచి మన లెక్క శిక్షణ తరగతుల లెక్క అయింది. నా అభ్యంతరం అక్కడే.

2004లో విలియం మిల్లర్ బృందం 140 మంది చికిత్సకులపై చేసిన పరిశీలన, శిక్షణ ఒక్కటే చాలదనడానికి గట్టి సాక్ష్యం. వర్క్‌షాపు ఒక్కటే చేసినవాళ్ల నైపుణ్యం కొన్ని నెలల్లో తగ్గింది. వాళ్ల సంభాషణలు విని లోటుపాట్లు చెప్పినచోట, వెంట ఉండి నేర్పినచోట నిలబడింది. గోవాలో జరిగింది మనకింకా దగ్గర. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, 377 మంది పురుషులపై జరిగిన ప్రయోగంలో, మానసిక చికిత్సలో డిగ్రీల్లేని కౌన్సెలర్లు పనిచేశారు. తమ సంభాషణల రికార్డింగులను తోటివాళ్లతో కలిసి విని మార్కులు వేసుకున్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం: మూడు నెలల తర్వాత కోలుకున్నవాళ్లు కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 26 శాతం. ఈ తేడా పర్యవేక్షణ వల్లే వచ్చిందని ఆ ప్రయోగం తేల్చలేదు. దాన్ని విడిగా పరీక్షించలేదు. పైగా అందులో పాల్గొన్నవాళ్లు హాని కలిగే స్థాయిలో తాగేవాళ్లే గాని పూర్తిగా బానిసలైనవాళ్లు కాదు. అయినా డిగ్రీ లేనివాళ్ల పని నాణ్యతను అలా కాచుకోవచ్చని అది చూపింది.

రికార్డింగు వింటే ఏం తేలుతుంది? ఉదాహరణకు, ‘పండక్కి తాగేశాను సార్, అంతకుముందు పది రోజులు ముట్టలేదు’ అంటాడొకడు. కౌన్సెలర్ వెంటనే భార్యాపిల్లల గురించి ఉపన్యాసం మొదలెడతాడు. ఆ పది రోజులు ఎలా ఆగగలిగావని అడగడు. తన కేసును తానే చెప్పుకుంటే ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే ఉపన్యాసాన్ని అతను సలహాగానే గుర్తుంచుకుంటాడు.

అందుకే ఇప్పటి ఏర్పాట్లు నాకు తృప్తినివ్వవు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో కేసు చర్చలు నడుపుతోంది. దూరాన ఉన్నవాళ్లకు అది నిజమైన ఆసరా. కానీ అక్కడ వినేది కేసు కథ, సంభాషణ కాదు. జిల్లాల్లో డీ అడిక్షన్ కేంద్రాలు తెరిచారు, 14446 హెల్ప్‌లైన్ ఉంది. వాటి గురించి చెప్పేటప్పుడు ముందుకొచ్చేవి పడకలు, రోగుల సంఖ్యలు. రిజిస్టరు తనిఖీని పర్యవేక్షణ అనలేం.

పెనుగొలను వంటి ఊళ్లో రికార్డింగు తేలిక కాదన్నది నిజమే. తిరువూరు బస్సెక్కితే అందరూ తెలిసినవాళ్లే. తన మాట ఎవరి చెవిన పడుతుందోనని మనిషి భయపడతాడు. అతని ఒప్పుకోలు తీసుకోవాలి, విన్నాక చెరిపేయాలి, వినేవాళ్లు ఆ ఊరివాళ్లు కాకూడదు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. వారానికో పూట, నలుగురు కౌన్సెలర్లు, వినడం తెలిసిన ఒక పెద్ద చాలు. గ్రాంటు పద్దులో ఆ పూటకు జీతం రాయాలి.