ఎల్, ఐ... అక్కడితో ఆగింది

రెండే రెండు అక్షరాల ఎర్రర్ మెసేజ్ ఎప్పుడైనా చూశారా? 1990ల్లో లినక్స్ వాడినవాళ్ళు చూసే ఉంటారు. కొత్త కెర్నెల్‌ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకుని, దానికి చోటు కోసం బూట్ డైరెక్టరీలో ఫైళ్ళు అటూ ఇటూ సర్ది, తెల్లారగట్ల రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద ఇంగ్లీషులో ‘ఎల్ ఐ’. అంతే. ఇక ఏ కీ నొక్కినా ఉలకదు, పలకదు.

నాకు ఆ రెండక్షరాలంటే ఇప్పటికీ గౌరవమే. ఎందుకంటే అవి విసుక్కుని ఆగిపోలేదు, ఉన్న చోటులో చెప్పగలిగిందంతా చెప్పి ఆగాయి.

వాటిని తెర మీద వేసేది లైలో అనే బూట్ లోడర్. లినక్స్ లోడర్ అన్న మాటలకి పొట్టిపేరు. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ 1992లో మొదలుపెట్టాడు. డిస్కులో మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో పార్టిషన్ పట్టికకి 64, చివరి గుర్తుకి 2 పోను, మిగిలేది 446. దాంట్లో పనిచేసే కోడే ఇరుగ్గా పడుతుంది, ఇక వివరణలకి చోటెక్కడ? అందుకని ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా తన పేరులో ఒక్కో అక్షరం వేసేలా రాశాడు. మొదటి ఎల్ పడిందంటే లోడర్ తొలి భాగం లేచింది. ఐ అంటే రెండో భాగాన్ని డిస్కు నుంచి తెచ్చింది. రెండో ఎల్ అంటే ఆ భాగం పని మొదలెట్టింది. ఓ కూడా పడితే గండం గడిచినట్టే. ‘ఎల్ ఐ’ దగ్గర ఆగిందంటే, తెచ్చిందిగానీ నడపలేకపోయిందని అర్థం.

ఎందుకు నడపలేదు? లైలోకి ఫైళ్ళ పేర్లు తెలీవు. ఫలానా ఫైలు డిస్కులో ఫలానా బ్లాకుల్లో ఉంది అని నంబర్లు రాసి పెట్టుకుంటుంది. మనం ఇల్లు మారిస్తే, లైలో కమాండ్ మళ్ళీ నడిపి కొత్త చిరునామా చెప్పాలి. చెప్పకపోతే పాతింటి తలుపే కొడుతుంది. ఒక్కోసారి తమాషాగా ఆ తలుపు తెరుచుకునేది కూడా! చెరిపేసిన పాత కెర్నెల్ బ్లాకుల మీద ఇంకా ఏదీ రాయకపోతే, అదే లేచొచ్చి బూట్ అయ్యేది. మా హాస్టల్లో ఒకడు పోయినవాడు తద్దినానికి వచ్చాడనేవాడు. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ ఫైల్ సిస్టమ్‌ని తనే చదువుకుంటుంది కాబట్టి, ఈ బాధ క్రమంగా పోయింది.

పోయి, ఇంకో మెట్టు మీదకి చేరింది. ఈసారి కెర్నెల్ లేస్తుంది, బోలెడు వాక్యాలు చకచకా పారతాయి, చివర్న ‘కెర్నెల్ పానిక్’. రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదు, అన్‌నోన్ బ్లాక్ (0,0). ఈ పానిక్ అనే మాట యూనిక్స్ నాటిది. మల్టిక్స్‌లో సగం కోడ్ తప్పుల్నుంచి కోలుకోవడానికే సరిపోతోందని టామ్ వాన్ వ్లెక్ అంటే, మేం అదంతా వదిలేశాం, పానిక్ అని ఒక రొటీన్ ఉంది, అది నడిస్తే మిషన్ ఆగిపోతుంది, వరండాలోకి కేకేసి రీబూట్ చెయ్యమంటాం అన్నాట్ట డెనిస్ రిచీ.

ఆ బ్రాకెట్లో నంబర్లని మాత్రం తేలిగ్గా తీసెయ్యకండి. సున్నా, సున్నా అంటే సాధారణంగా డిస్కే కనపడలేదని. డ్రైవర్ కెర్నెల్లో లేదు, లేదా పేరు తప్పు. అదే (8,1) అని ఉంటే డిస్కు దొరికింది, దాని మీది ఫైల్ సిస్టమ్ చదవడం రాలేదు. రెండింటికీ మందు వేరు. డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కంపైల్ చేస్తే ఆ మాడ్యూల్ ఉండేది డిస్కు మీద. డిస్కు తెరవాలంటే ఆ మాడ్యూలే కావాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. 1996లో ఆల్మెస్‌బెర్గర్, హాన్స్ లెర్మెన్ ఇనిట్‌ఆర్‌డీ గురించి రాసింది ఈ చిక్కుకే: తాళంచెవి ఉన్న చిన్న సంచీని కెర్నెల్‌తో పాటే మెమరీలోకి ఎక్కించడం. ఈరోజుకీ సొంత కెర్నెల్ బూట్ కాకపోతే నేను మొదట వెతికేది ఆ సంచీనే.

2006-07 ప్రాంతంలో మరో గొడవ. కొత్త డ్రైవర్లు పాత ఐడీఈ డిస్కుల్ని కూడా హెచ్‌డీఏ అనడం మానేసి ఎస్‌డీఏ అన్నాయి. డిస్కు కదల్లేదు, కేబుల్ మారలేదు, పేరు మారిందంతే. ‘హెచ్‌డీఏ1లో ఉంటాను’ అని రాసుకున్న మిషన్లు తమ ఇల్లు తామే కనుక్కోలేకపోయాయి. అప్పట్నుంచీ డిస్కుల్ని యూయూఐడీ అనే పొడుగాటి నంబరుతో పిలవడం పెరిగింది. ఎవరికీ నోరు తిరగదుగానీ, మారదు.

ఇప్పుడు చాలా సిస్టమ్స్ బూట్ అయ్యేటప్పుడు కంపెనీ లోగో, గుండ్రంగా తిరిగే చక్రం చూపిస్తాయి. చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనకాల ఏది విరిగిందో చెప్పదు. నేను కొత్త మిషన్ ఏది తెచ్చినా ముందు ఆ బొమ్మ తీసేసి, మెసేజ్‌లు కనపడేలా పెట్టుకుంటాను, పాత కెర్నెల్‌ని మెనూలో అలాగే ఉంచుతాను.

2024లో వచ్చిన 6.12 కెర్నెల్లో పానిక్ అయితే తెర మీద క్యూఆర్ కోడ్ వేసే సదుపాయం పెట్టారు. కంపైల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. మిషన్ తన చివరి మాటలన్నీ ఆ గళ్ళలో కుక్కి ఆగిపోతుంది, మనం ఫోన్ తీసి స్కాన్ చేసి చదువుకోవాలి. ఆ ఫోన్ ఆండ్రాయిడ్ అయితే, లోపల నడిచేదీ లినక్స్ కెర్నెలే.