ఒక పేజీకి తాళం, ఊరంతా బంద్

పోయిన సంక్రాంతికి తిరువూరు వెళ్తే మా మేనకోడలు ఓ ఫిర్యాదు చేసింది. వాళ్ళ సారు సైన్సు పాఠాలు బ్లాగ్‌స్పాట్‌లో పెడతారట, బడి కంప్యూటర్లో మాత్రం అవి తెరుచుకోవట. ఎవరో పిచ్చి బ్లాగొకటి చూశారని ఫిల్టరులో బ్లాగ్‌స్పాట్ మొత్తం మూసేశారు. ఈ సినిమా నేను ముందే చూశాను!

2003 సెప్టెంబరులో మేఘాలయ తీవ్రవాదులదని చెప్పి 'కిన్‌హన్' అనే ఒక్క యాహూ గుంపుని ఆపమంది కేంద్రం. ఆ ఒక్కదాన్నే ఆపడం చేతకాక ఐఎస్‌పీలు యాహూ గ్రూప్స్ మొత్తం ఆపేశాయి. మన రచ్చబండ కూడా అక్కడే ఉండేది. 2006 జులైలో, ముంబై రైలు పేలుళ్ళు జరిగిన కొద్దిరోజులకే, మళ్ళీ అదే కథ. జాబితాలో ఉన్నవి ఇరవై లోపే. పోయినవి బ్లాగ్‌స్పాట్, టైప్‌ప్యాడ్, జియోసిటీస్. లక్షల బ్లాగులు కొద్దిపాటి ఐపీ చిరునామాల మీదే ఉండేవి మరి. మన బ్లాగు మనమే ప్రాక్సీలో చూసుకున్నాం.

ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్ వచ్చాక దారిలో ఉన్న ఫిల్టరుకి సైటు పేరే కనబడుతుంది, లోపలి పేజీ కనబడదు. పేజీ దాకా చూడాలంటే ప్రతి కంప్యూటర్లో బడి సర్టిఫికెట్ పెట్టి పిల్లల ఉత్తరాలూ పాస్‌వర్డులూ విప్పాలి. (నేనైతే ఒప్పుకోను.) అందుకని కొందరు మొత్తం మూసేస్తారు.

2006లో మనం గోల చేశాం, చెప్పిన పేజీలే ఆపమని కేంద్రం మళ్ళీ చెప్పాల్సొచ్చింది. మా పిల్ల అడిగితే "పైనుంచి వచ్చిందమ్మా" అన్నారట. సారు పాఠాలు ప్రింటు తీసి గోడకి అంటిస్తున్నారు.