నవీకరణ - రీబూట్: ‘స్టార్ ట్రెక్’ కథాచరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రజాదరణ పొందిన ఒక కథాపరంపర కొన్ని దశాబ్దాల తరువాత కొత్త నటులతో, కొత్త సాంకేతికతతో తిరిగి తెరకెక్కినప్పుడు దానిని ‘రీబూట్’ అని పేర్కొనడం నేటి సమీక్షలలో పరిపాటి అయింది. నవీకరణ, కొనసాగింపు, పునర్నిర్మాణం అనే భిన్న ప్రక్రియలన్నీ ఈ ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. విజ్ఞాన కల్పనా సాహిత్యంలో ఈ కలగాపులగం మరీ ఎక్కువ. భవిష్యత్తును చిత్రించే కథలో నిన్నటి యంత్రం నేటికే పాతబడుతుంది కనుక అక్కడ రూపం మార్చడం తప్పనిసరి. ఆ మార్పు ప్రతిసారీ రీబూట్ అవుతుందా అన్నది ఈ వ్యాసంలో విచారించే ప్రశ్న. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ప్రసారం ప్రారంభమైన జీన్ రాడెన్‌బెర్రీ ‘స్టార్ ట్రెక్’ ఇందుకు ప్రధాన ఆకరం.

పదం - పరిధి

రీబూట్ అనేది కంప్యూటర్ పరిభాష నుంచి వచ్చిన మాట. యంత్రాన్ని ఆపి తిరిగి ప్రారంభించినప్పుడు అప్పటివరకు నడుస్తున్న పని తాలూకు తాత్కాలిక స్మృతి చెరిగిపోతుంది. నిల్వ చేసిన దస్త్రాలు మాత్రం మిగులుతాయి. కథకు అన్వయిస్తే పాత్రల పేర్లు, నౌక పేరు, లోకస్వభావం వంటివి నిల్వ ఉండే అంశాలు. పాత్రలు అనుభవించిన సంఘటనలు స్మృతి. అమెరికన్ కామిక్స్‌లో 1985-86 నాటి ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ తరువాత సూపర్‌మ్యాన్ కథను జాన్ బర్న్ 1986లో మొదటి నుంచి చెప్పడం ఇలాంటిదే. పేరు, శక్తులు అవే అయినా పాత సంచికలలోని ఎన్నో సంఘటనలు ఆ పాత్ర జీవితంలో భాగం కాకుండాపోయాయి.

దీనిని బట్టి ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించవచ్చు. కొత్త కథ పాత కథలోని సంఘటనలకు జవాబుదారీగా ఉంటే అది నవీకరణ లేదా కొనసాగింపు. ఆ జవాబుదారీతనాన్ని వదులుకుంటే అది రీబూట్. నటులు, అలంకరణ, సాంకేతికత, విరామకాలం ఇందులో నిర్ణాయకాలు కావు.

రూపం మారినా నిలిచిన చరిత్ర

1966-69 మధ్య వచ్చిన 79 భాగాల తొలి ధారావాహికలో క్లింగాన్ జాతివారి నుదురు మనుషుల నుదురులాగే ఉండేది. 1979 నాటి తొలి చలనచిత్రంలో అదే జాతికి ఎముకల గట్లతో కూడిన నుదురు వచ్చింది. కథలో దీనికి కారణం చెప్పలేదు. 1987లో మొదలైన ‘ది నెక్స్ట్ జనరేషన్’ కూడా కొత్త రూపాన్నే అనుసరించింది. 1994లో ‘డీప్ స్పేస్ నైన్’ ధారావాహికలో కోర్, కోలోత్, కాంగ్ అనే మూడు పాత క్లింగాన్ పాత్రలు తిరిగి కనిపించాయి. 1960లలో ఆ పాత్రలు ధరించిన నటులే వాటిని మళ్ళీ ధరించారు. నుదుళ్ళు మాత్రం మారాయి. పాత్రల పూర్వచరిత్ర చెరగలేదు.

1996లో అదే ధారావాహిక పాత్రలు కాలంలో వెనక్కి వెళ్ళి గట్లు లేని క్లింగాన్‌లను చూస్తాయి. కారణం అడిగితే వార్ఫ్ అనే క్లింగాన్ పాత్ర, ఆ సంగతి బయటివారితో చర్చించబోమని తప్పించుకుంటుంది. చివరకు 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ ధారావాహిక జన్యుమార్పిడి వల్ల వ్యాపించిన ఒక వ్యాధిని కారణంగా చూపింది. అలంకరణకు వెచ్చించగల డబ్బు పెరగడం వల్ల వచ్చిన మార్పుకు పాతికేళ్ళ తరువాతైనా కథలో సంజాయిషీ ఇవ్వవలసివచ్చిందన్నది గమనార్హం. పాత భాగాలు చెల్లవని భావించి ఉంటే ఈ సంజాయిషీ అవసరమే ఉండేది కాదు.

2006లో తొలి ధారావాహికకు చేసిన మార్పులు మరింత స్పష్టమైన ఉదాహరణ. నౌక, గ్రహాల దృశ్యాలను కంప్యూటర్ చిత్రాలతో మార్చారు. కథను, సంభాషణలను ముట్టుకోలేదు. ఇది కేవలం నవీకరణ.

చరిత్ర చెరిగిన సందర్భం

‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ దీనికి భిన్నమైనది. గ్లెన్ లార్సన్ 1978లో రూపొందించిన ఈ ధారావాహికను రోనాల్డ్ డి. మూర్ 2003లో కొత్తగా రచించారు. డిర్క్ బెనెడిక్ట్ ధరించిన స్టార్‌బక్ అనే పురుష పాత్ర ఇందులో కేటీ సాక్‌హాఫ్ ధరించిన స్త్రీ పాత్ర అయింది. అంతకంటే మౌలికమైన మార్పు సైలాన్ యంత్రాల పుట్టుకకు సంబంధించినది. 1978 కథలో వాటిని సృష్టించినది సరీసృపాల వంటి ఒక పరాయి జాతి. 2003 కథలో మానవులే. మొదటిదానిలో విపత్తు బయటి నుంచి వచ్చింది. రెండవదానిలో అది స్వయంకృతం. తాను సృష్టించినదానికి మనిషి ఎంతవరకు బాధ్యుడన్న ప్రశ్న ఈ మార్పు వల్లనే కథకు కేంద్రమైంది.

అయితే 2003 కథ పాత రూపాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. పాత సైలాన్ ఆకృతి అందులో ప్రదర్శనశాలలోని వస్తువుగా కనిపిస్తుంది. రూపం నిలిచినా చరిత్ర చెరిగింది. క్లింగాన్‌ల విషయంలో రూపం చెరిగినా చరిత్ర నిలిచింది. రూపం ప్రమాణం కాదనడానికి ఈ రెండు ఉదాహరణలు పరస్పరం సాక్ష్యమిస్తాయి.

2009 చలనచిత్రం

జె.జె. అబ్రమ్స్ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ను రీబూట్‌గానే ఎక్కువమంది గుర్తించారు. కిర్క్, స్పాక్ యువకులుగా కొత్త నటులతో కనిపించడం, నౌక ఆకృతి మారడం అందుకు కారణాలు. పాత కథలన్నీ తెలియని ప్రేక్షకుని కోసం మొదటి నుంచి చెప్పాలన్నది ఆ చిత్ర ప్రయోజనాలలో ఒకటన్నది కాదనలేనిది.

కాని కథానిర్మాణం వేరే సాక్ష్యం చెబుతుంది. పాత కాలరేఖ నుంచి నీరో అనే రోములన్ గతంలోకి రావడంతో చరిత్ర రెండుగా చీలుతుంది. అదే పాత కాలరేఖ నుంచి వృద్ధ స్పాక్ కూడా వస్తాడు. 1966 నుంచి ఆ పాత్ర ధరించిన లెనార్డ్ నిమోయే ఇక్కడా ఆ పాత్రధారి. రోములన్ గ్రహాన్ని కాపాడలేకపోయినందుకు ప్రతీకారంగా నీరో వల్కన్ గ్రహాన్ని నాశనం చేస్తుంటే, మంచుగ్రహంపై ఒంటరిగా నిలబడి వృద్ధ స్పాక్ తన జన్మభూమి అంతాన్ని చూస్తాడు. ఆ దుఃఖానికి బరువు ఎక్కడిది? ఆ ముసలివాడు జీవించిన దశాబ్దాలు నిజంగా జరిగినవైతేనే ఆ దృశ్యానికి అర్థం ఉంటుంది. చిత్రం పాత చరిత్రను చెరిపివేయలేదు. దానిని ఒక మనిషి జ్ఞాపకంగా కొత్త లోకంలోకి తెచ్చింది.

దీనికి ఒక ఆక్షేపం ఉంది. పాత సంఘటనలు కొత్త పాత్రలను నిర్బంధించనప్పుడు జవాబుదారీతనం ఎక్కడిది అని అడగవచ్చు. యువ కిర్క్ విషయంలో ఈ ఆక్షేపం సరైనదే. అతని తండ్రి మరణంతోనే అతని జీవితం కొత్త దారి పట్టింది. అయితే ఆ దారి ఎందుకు కొత్తదయిందో చెప్పవలసిన బాధ్యతను చిత్రం స్వీకరించింది. 2003 గలాక్టికా అలాంటి కారణమేదీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ దానికి లేదు. కనుక 2009 చిత్రాన్ని నిర్మాణప్రయోజనం దృష్ట్యా పునఃప్రారంభమనీ, కథాస్మృతి దృష్ట్యా శాఖాంతరమనీ వేరుచేసి చెప్పడం సమంజసం.

ఈ భేదం తెలుగు ప్రేక్షకులకూ కొత్తది కాదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో లోకం, వాహనాలు, ఆయుధాలు అన్నీ కొత్తవే. అయినా కురుక్షేత్రంలో శాపగ్రస్తుడైన అశ్వత్థామ అక్కడ ఆ శాపాన్ని మోస్తూనే కనిపిస్తాడు. రూపంలో ఎంత దూరం వెళ్ళినా ఆ చిత్రం భారతకథకు రీబూట్ కాదు.

ఉపసంహారం

రీబూట్ అన్న మాట ప్రశంస కాదు, నింద కాదు. అది పాత కథతో కొత్త కథకున్న సంబంధాన్ని తెలిపే పేరు. నవీకరణను రీబూట్ అంటే పాత కథకు ఇవ్వవలసిన సంజాయిషీ నుంచి రచయితను ముందే విడుదల చేసినట్లవుతుంది. రీబూట్‌ను నవీకరణ అంటే 1978 గలాక్టికా వేసిన ప్రశ్న, 2003 గలాక్టికా వేసిన ప్రశ్న ఒకటేనని భ్రమపడతాం. రెండు సందర్భాలలోనూ నష్టపోయేది పాత రచనే. కాబట్టి కొత్త కృతిని పరిశీలించేటప్పుడు అది ఎలా కనిపిస్తోందని కాక, అందులోని పాత్రలకు ఏమి గుర్తుందని ముందుగా అడగాలి.