మహమ్మారి వేళ వృత్తి ఫుట్‌బాల్: పునఃప్రారంభానికి ప్రాతిపదికలు

ప్రస్తావన

2020 మార్చిలో కోవిడ్-19 కారణంగా ఐరోపాలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగులన్నీ ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. నెదర్లాండ్స్ ఏప్రిల్ 24న విజేతను ప్రకటించకుండానే సీజన్ ముగించింది. ఫ్రాన్స్ పది రౌండ్లు మిగిలి ఉండగానే ఏప్రిల్ 30న పారిస్ సాంజెర్మాన్‌ను విజేతగా నిర్ణయించింది. జర్మనీ మే 16న ఖాళీ స్టేడియాల్లో ఆట మొదలుపెట్టింది. ఆటగాళ్లను కార్మికులుగా, మైదానాన్ని పనిస్థలంగా చూసినప్పుడే ఈ నిర్ణయాల మంచిచెడ్డలు తేలతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ప్రేక్షకుల ప్రశ్న

2020 ఫిబ్రవరి 19న మిలాన్‌లోని శాన్ సీరోలో జరిగిన అటలాంటా-వాలెన్సియా మ్యాచ్‌కు 40 వేలమందికి పైగా వచ్చారు. వారిలో అత్యధికులు అటలాంటా సొంత ఊరైన బెర్గామో ప్రాంతవాసులు. కొద్ది వారాల్లోనే బెర్గామో ఇటలీలో అతి తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటైంది. వ్యాప్తిలో ఆ మ్యాచ్ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అయినా ప్రయాణాలు, కిక్కిరిసిన గ్యాలరీలు, కేకలు ఒకచోట చేరితే ముప్పు పెరుగుతుంది. అందువల్ల ప్రేక్షకులను అనుమతించకపోవడం తొలి షరతు.

ఆటగాళ్ల ప్రశ్న

జర్మనీలోని రెండు అగ్రశ్రేణి డివిజన్ల 36 క్లబ్బుల్లో తొలి విడత జరిపిన 1,724 పరీక్షల్లో పదింటిలో వైరస్ బయటపడింది. మైదానంలో దిగకముందే ముప్పును పసిగట్టవచ్చని ఇది చూపింది. ఆ పద్ధతికి మూల్యమూ ఉంది. పరీక్షలు ఆటకు మళ్లితే సామాన్య రోగులకు కొరవడవచ్చు. క్వారంటైన్ వల్ల జట్టూ నష్టపోవచ్చు. రెండో డివిజన్‌లోని డైనమో డ్రెస్డెన్‌లో మరో ఇద్దరికి వైరస్ సోకడంతో జట్టు మొత్తం 14 రోజులు క్వారంటైన్‌కు వెళ్లింది. ప్రత్యర్థులు ఆడుతుండగా ఆ జట్టు ఆగిపోయింది. ఆపై తక్కువ వ్యవధిలో వరుస మ్యాచ్‌లు ఆడి, చివరకు మూడో డివిజన్‌కు పడిపోయింది. ఆరోగ్య నియమాన్ని పాటించిన జట్టు పోటీలో నష్టపోకూడదు. ఆ రక్షణను ముందే నిబంధనల్లో రాసుకోవాలి.

టీవీ ఆదాయం కోసమే ఆట మొదలుపెట్టారన్న విమర్శలో నిజముంది. అయితే ఆ ఆదాయంపై క్లబ్బుల చిన్న ఉద్యోగుల జీతాలూ ఆధారపడ్డాయి. అసలు లోపం సమ్మతి విషయంలో ఉంది. ఇంగ్లండ్‌లో వాట్‌ఫర్డ్ కెప్టెన్ ట్రాయ్ డీనీ తన పసిబిడ్డ ఆరోగ్యం దృష్ట్యా తొలుత శిక్షణకు రానన్నాడు. పేరున్న ఆటగాడు అలా అనగలడు. కాంట్రాక్టు ముగియబోతున్న కుర్రవాడికి ఆ ధైర్యం ఎక్కడిది?

మన దేశంలో 2020-21 ఇండియన్ సూపర్ లీగ్‌ను గోవాలోని మూడు స్టేడియాలకే పరిమితం చేశారు. హైదరాబాద్ ఎఫ్‌సీ సహా జట్లన్నీ నెలల తరబడి బయటివారితో కలవనివ్వని బయో బబుల్‌లోనే గడిపాయి. దానివల్ల లీగ్ పూర్తయింది. కానీ కుటుంబాలకు దూరంగా గడిపిన ఆ కాలాన్ని కూడా పనిభారంగానే లెక్కించాలి.

ముగింపు

మహమ్మారి కాలంలో వృత్తి ఫుట్‌బాల్‌ను పునఃప్రారంభించవచ్చు, కానీ నాలుగు షరతులపైనే: ప్రేక్షకులు ఉండకూడదు, ఆటగాళ్ల పరీక్షల వల్ల సామాన్య రోగులకు పరీక్షలు కొరవడకూడదు, రానన్నవారి జీతానికీ స్థానానికీ హామీ ఉండాలి, క్వారంటైన్‌కు వెళ్లిన జట్టుకు న్యాయం ముందే ఖరారు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా సీజన్‌ను ముగించడమే ధర్మం.