ఆప్లెట్, ఫ్లాష్, లేఖిని: కుత్బుల్లాపూర్ పరిసరాల్లో రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్ల చరిత్ర

వ్యాససంగ్రహం: బ్రౌజరులోనే సంపూర్ణ అనువర్తనాన్ని నడిపే ‘రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్’ సాంకేతికతల చరిత్రను ఇంతవరకు ప్రధానంగా వాటిని తయారుచేసిన సంస్థల దృష్టితోనే రాశారు. వాటిని నేర్చుకున్నవారి వైపునుంచి, ప్రత్యేకించి హైదరాబాదు ఉత్తర శివారులోని ఇంజనీరింగ్ కళాశాలల వైపునుంచి చూస్తే ఆ చరిత్ర కాలక్రమం మారుతుంది. ప్రపంచంలో అంతరించిన ఉపకరణం ఇక్కడి పాఠ్యప్రణాళికలో కొనసాగింది. తెలుగుకు నిజంగా ఉపకరించిన ఉపకరణం పాఠ్యప్రణాళికకు వెలుపల పుట్టింది. ఈ రెండు పరిణామాల మధ్య సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కుత్బుల్లాపూర్, జేఎన్టీయూ పాఠ్యప్రణాళిక, జావా ఆప్లెట్, ఫ్లాష్, ఫ్లెక్స్, ఎజాక్స్, యూనికోడ్ తెలుగు, లేఖిని.

1. ప్రవేశిక

‘రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్’ అనే పేరును 2002 మార్చిలో మాక్రోమీడియా సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. పేరు కొత్తదే గాని, అది చెప్పిన కోరిక పాతది. తొలినాళ్ళ వెబ్‌పుట అచ్చుకాగితం వంటిది. పాఠకుడు ఒక మీట నొక్కితే అభ్యర్థన సర్వరుకు వెళ్ళి, అక్కడినుంచి పుట మొత్తం మళ్ళీ రావాలి. టెలిఫోను తీగమీద నడిచే అనుసంధానంలో ఇది సహనపరీక్షే. కంప్యూటరులో స్థాపించుకున్న ప్రోగ్రాము స్పందించినట్టుగా వెబ్‌పుట కూడా అక్కడికక్కడే స్పందించాలన్నది డెవలపర్ల ఆకాంక్ష. దానికి రెండు దారులు ఏర్పడ్డాయి. మొదటిది, బ్రౌజరుకు బయటినుంచి ఒక ప్లగిన్ తగిలించి ఆ పని దానికి అప్పగించడం. జావా ఆప్లెట్, ఫ్లాష్, సిల్వర్‌లైట్ ఈ దారిలోనివి. రెండవది, బ్రౌజరులో ముందే ఉన్న జావాస్క్రిప్టుతోనే ఆ పని చేయించడం. మొదటి దారికి పేరు, పెట్టుబడి, ప్రచారం దక్కాయి. నిలిచింది రెండవది.

ఈ కథను సాధారణంగా సంస్థల పోటీగా చెబుతారు. అందులో అసత్యమేమీ లేదు. అయితే ఒక సాంకేతికత వేలమంది విద్యార్థులకు చేరే మార్గం సంస్థ ప్రకటన కాదు. పాఠ్యప్రణాళిక, ప్రయోగశాల, శిక్షణకేంద్రం. ఆ మార్గంలో కాలం వేరుగా నడుస్తుంది.

2. స్థలం

కుత్బుల్లాపూర్ పేరు వినగానే పాతతరం వారికి స్ఫురించేవి జీడిమెట్ల పారిశ్రామికవాడ, చింతల్ దగ్గరి హెచ్ఎంటీ కర్మాగారం. రంగారెడ్డి జిల్లాలో మండలంగా, పురపాలక సంఘంగా ఉండి 2007లో ఆ పట్టణం గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. నేడు వేరు మండలాలైన బాచుపల్లి, దుండిగల్ ప్రాంతాలు అంతకుముందు ఈ మండలంలోనివే. కనుక ఈ వ్యాసంలో ‘కుత్బుల్లాపూర్ పరిసరాలు’ అన్నప్పుడు పాత మండలపు విస్తీర్ణాన్నే గ్రహించాలి.

ఈ నేలమీద 1990ల మధ్యనుంచి మరో రకం సంస్థలు వెలిశాయి. బాచుపల్లిలో వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి 1995లో, గోకరాజు రంగరాజు కళాశాల 1997లో ప్రారంభమయ్యాయి. తరువాతి దశాబ్దంలో దుండిగల్, మైసమ్మగూడ వైపు మరెన్నో వచ్చాయి. బహదూర్‌పల్లిలో సత్యం కంప్యూటర్స్ తన సాంకేతిక కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ సంస్థకే అనుబంధమైన సత్యం ఇన్ఫోవే 1998 నవంబరులో ప్రైవేటు రంగంలో ఇంటర్నెట్ సేవను ఆరంభించి, 1999లో నాస్‌డాక్‌లో నమోదైన తొలి భారతీయ ఇంటర్నెట్ సంస్థ అయింది. 2009 జనవరి 7న సత్యం ఖాతాల మోసం బయటపడింది. తరువాత టెక్ మహీంద్రా అధీనంలోకి వెళ్ళిన ఆ ప్రాంగణంలో 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రాల్ కళాశాల మొదలైంది. ఒకే మండలంలో లేతుయంత్రం, ఔషధ కర్మాగారం, సాఫ్ట్‌వేర్ ప్రాంగణం, ఇంజనీరింగ్ కళాశాల ఇరుగుపొరుగులుగా ఉండటం ఈ ప్రాంతపు విశేషం. పారిశ్రామికవాడ చరిత్రపై కొంతైనా పరిశోధన జరిగింది. ప్రయోగశాలల్లో పిల్లలకు ఏం నేర్పారన్నది మాత్రం ఎవరూ పట్టించుకోని విషయంగానే మిగిలింది.

3. బ్రౌజరులో పోయి ప్రయోగశాలలో మిగిలిన ఆప్లెట్

సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను ప్రకటించినప్పుడు ప్రపంచాన్ని ఆకర్షించింది ఆప్లెటే. సర్వరునుంచి చిన్న ప్రోగ్రాము దిగివచ్చి, బ్రౌజరులోని జావా యంత్రంలో, కంప్యూటరులోని దస్త్రాలను ముట్టుకోలేని కట్టుబాటులో నడుస్తుంది. ఆ రోజులకు అది అద్భుతం. అయితే మొదలవడానికే చాలాసేపు పట్టేది. ఒక్కో కంప్యూటరులో ఒక్కో జావా వెర్షను ఉండేది. భద్రతాలోపాలు తరచుగా బయటపడేవి. 2000ల ఆరంభానికే సాధారణ వెబ్‌సైట్ల రూపకర్తలు ఆప్లెట్‌ను వదిలి ఫ్లాష్ వైపు మళ్ళారు.

ఇక్కడి కళాశాలల్లో అధికభాగం జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. 1972లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం 2008లో నాలుగుగా విడిపోయాక హైదరాబాదు జేఎన్టీయూ పరిధిలోకి వచ్చాయి. కొన్ని కళాశాలలు తరువాత స్వయంప్రతిపత్తి పొంది సొంత ప్రణాళికలు రూపొందించుకున్నాయి గనుక అన్నిటికీ ఒకే మాట వర్తించదు. అనుబంధ కళాశాలలకు మాత్రం విశ్వవిద్యాలయపు ‘ఆర్’ సంఖ్యల నియమావళే శాసనం. 2018-19 విద్యాసంవత్సరంలో ప్రవేశించినవారికి వర్తించిన ‘ఆర్18’ జావా పత్రంలో ఐదో యూనిట్ చూడండి: స్వింగ్ పక్కనే ఆప్లెట్లు, వాటి భద్రతాంశాలు, వాటికి పరామితులు పంపడం ఉన్నాయి. ప్రయోగాల జాబితాలో ఒక చిన్న సందేశాన్ని చూపే ఆప్లెట్, ఇచ్చిన అంకెకు ఫాక్టోరియల్ లెక్కగట్టే ఆప్లెట్ ఉన్నాయి.

వీటి పక్కన బయటి కాలక్రమాన్ని పెట్టి చూడాలి. ఆప్లెట్‌కు ఆధారమైన ప్లగిన్ వ్యవస్థను క్రోమ్ 2015 సెప్టెంబరులో తొలగించింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో ఫ్లాష్‌ను మినహాయించి మిగిలినవాటికి తలుపు మూసింది. 2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9 ఆప్లెట్‌ను వాడవద్దని సూచించింది. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11లో ఒరాకిల్ బ్రౌజరు ప్లగిన్‌ను పూర్తిగా తీసివేసింది. అంటే ‘ఆర్18’ విద్యార్థి కళాశాలలో అడుగుపెట్టిన విద్యాసంవత్సరంలోనే, అతడు తరువాత రికార్డులో రాయబోయే ప్రోగ్రాము ప్రధాన బ్రౌజర్లలో నడిచే అవకాశం ముగిసింది.

దీన్ని పాఠ్యప్రణాళిక సంఘాల అలసత్వంగా కొట్టిపారేయడం సులభం. నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైన కారణం ప్రయోగశాలలోనే ఉంది. జావా ఉపకరణాలతోపాటు ‘ఆప్లెట్‌వ్యూయర్’ అనే చిన్న ప్రోగ్రాము వచ్చేది. దానితో బ్రౌజరు లేకుండానే, ఇంటర్నెట్ అనుసంధానం లేకుండానే ఆప్లెట్‌ను నడిపి చూడవచ్చు. అరవైమంది విద్యార్థులు, నెమ్మదైన నెట్, పాత కంప్యూటర్లు ఉన్న ప్రయోగశాలకు ఇంతకన్న అనుకూలమైనది లేదు. ఫలితంగా, ఇంటర్నెట్ కోసం పుట్టిన ఉపకరణాన్ని విద్యార్థి ఇంటర్నెట్‌తో నిమిత్తం లేకుండా నేర్చుకున్నాడు. బ్రౌజరులో ఆప్లెట్ ఆగిపోయిన సంగతి ప్రయోగశాల గోడ దాటి లోపలికి రాలేదు. జావా 11లో ఆప్లెట్‌వ్యూయర్ కూడా పోయింది. అయితే ప్రయోగశాల యంత్రంలో జావా 8 ఉన్నంతకాలం ఆ లోటు కనిపించదు.

రెండో కారణం పరీక్షాపత్రం. ఇనిట్, స్టార్ట్, స్టాప్, డెస్ట్రాయ్ అనే నాలుగు పద్ధతులతో ఆప్లెట్ జీవనచక్రం ఒక బొమ్మలో ఇమిడిపోతుంది. ప్రశ్న అడగడానికి, జవాబు రాయడానికి, మార్కులు వేయడానికి ఇంత అనువైన అంశం అరుదు. బోధకునికి సంఘటనల నిర్వహణ, చిత్రలేఖనం వంటి భావనలు దాని ద్వారా తేలికగా చెప్పవచ్చు. ఆ మాటకొస్తే అది ఆప్లెట్‌ను సమర్థించే వాదమే, తోసిపుచ్చదగినది కాదు. కాని ఆ భావనలు స్వింగ్ ద్వారా కూడా బోధపడతాయి. ‘ఇది ఇప్పుడు బ్రౌజరులో నడవదు’ అన్న ఒక్క వాక్యం పాఠ్యాంశంలో చేర్చి ఉంటే అదే ఆప్లెట్ చరిత్రపాఠం అయ్యేది.

4. ఫ్లాష్, ఫ్లెక్స్: వార్తగా వచ్చినవి

పాఠ్యప్రణాళికలో చోటు దొరకని ఉపకరణాల పరిస్థితి వేరు. మాక్రోమీడియా 2004లో ఫ్లెక్స్‌ను విడుదల చేసింది. ఫ్లాష్ బొమ్మలు గీసే కళాకారుల ఉపకరణం కాగా, ఫ్లెక్స్ ప్రోగ్రామర్లకోసం రూపొందినది. వ్యాపారసంస్థల ఫారాలు, పట్టికలు, గ్రాఫులు దానితో త్వరగా తయారయ్యేవి. 2005లో అడోబీ సంస్థ మాక్రోమీడియాను కొనుగోలు చేసింది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ అదే ఏడాది అడోబీ అధ్యక్షుడై, 2007 డిసెంబరులో ప్రధాన కార్యనిర్వహణాధికారి అయ్యారు. మైక్రోసాఫ్ట్ 2007లో సిల్వర్‌లైట్‌తో పోటీకి దిగింది. 2008 ఫిబ్రవరిలో అడోబీ ఎయిర్ వచ్చింది.

ఈ ఉపకరణాలకు విశ్వవిద్యాలయం కంటె అమీర్‌పేట శిక్షణకేంద్రాలే సహజమైన నెలవు. అక్కడ పాఠ్యాంశాన్ని నిర్ణయించేది నియమావళి కాదు, ఉద్యోగ ప్రకటన. బాచుపల్లి విద్యార్థి పగలు ఆప్లెట్ రాసి, చివరి సంవత్సరం ముగిశాక అమీర్‌పేట బస్సెక్కడం ఆ తరానికి మామూలే. కాని ఆ వేగానికీ ఒక మూల్యం ఉంది. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటివ్వకపోవడానికి కారణాలు వివరిస్తూ బహిరంగ లేఖ రాశారు. నారాయణ్ బహిరంగంగానే ఖండించారు. 2011 నవంబరులో అడోబీ మొబైల్ ఫోన్ల ఫ్లాష్‌ను ఆపి, ఫ్లెక్స్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు ప్రకటించింది. ఫ్లెక్స్ పుట్టి అప్పటికి ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. పాఠ్యప్రణాళిక పాతదాన్ని పట్టుకొని నష్టపోతే, శిక్షణకేంద్రం కొత్తదాన్ని పట్టుకొని నష్టపోయింది. ఆ పేరుతో నేడు తెలుగునాట మిగిలింది కూడలిలో కట్టే ‘ఫ్లెక్సీ’ మాత్రమే. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆప్లెట్‌తో బయటి ప్రపంచంలో నిజంగా తలపడినవారూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఇ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలో టెండరుపై డిజిటల్ సంతకం చేయడానికి చాలాకాలం జావా ఆప్లెట్ ఆవశ్యకమైంది. జీడిమెట్లలోని చిన్న పరిశ్రమ అక్కడ టెండరు వేయాలంటే పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును, తగిన జావాను ఒక కంప్యూటరులో భద్రపరచుకోవలసి వచ్చేది.

5. తెలుగు అక్షరానికి దొరికిన దారి

ఇంతవరకు చెప్పిన చరిత్ర ఏ భాషాప్రాంతానికైనా కొద్ది మార్పులతో వర్తించవచ్చు. తెలుగు విషయంలో ఇది మరోచోటికి తిరుగుతుంది.

తెలుగు యూనికోడులో 1991 నుంచి ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంటుతో వచ్చింది. అయినా కోడు ఉండటం వేరు, గుణింతం వత్తు కుదిరి తెరమీద నిలవడం వేరు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక అచ్చుగుర్తు వరుసగా నిలవవుంటాయి. వాటిని కలిపి ఒకే రూపంగా కూర్చే యంత్రాంగం కావాలి. విండోస్‌లో అది ఉంది, బ్రౌజరు దాన్ని వాడుకుంది. ఫ్లాష్ తన అక్షరాలను తానే పేర్చుకునేది. సంక్లిష్ట లిపులను కూర్చే కొత్త యంత్రం 2008 అక్టోబరులో వచ్చిన ఫ్లాష్ ప్లేయర్ 10తోగాని రాలేదు. అంతవరకు ఫ్లాష్‌లో తెలుగు కావాలంటే డీటీపీ పనికి వాడే యూనికోడేతర ఫాంట్లను ఆశ్రయించాలి, లేదా అక్షరాన్ని బొమ్మగా మార్చాలి. బొమ్మగా మారిన అక్షరం చదవడానికే. వెతకడానికి, సరిదిద్దడానికి, మరోచోట అతికించడానికి పనికిరాదు.

ప్లగిన్ల దారిలో తెలుగు ఇలా బొమ్మగా ఉండిపోయిన రోజుల్లోనే రెండవ దారి బలపడింది. పుటను మళ్ళీ తెప్పించకుండా సర్వరునుంచి సమాచారం తెచ్చుకునే సౌకర్యం 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లోనే వచ్చింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ దాని శక్తిని చాటాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ దానికి ‘ఎజాక్స్’ అని పేరు పెట్టారు. జావాస్క్రిప్టు బొమ్మలు కదిపే చిట్కా కాదు, అనువర్తనాలు రాయగల భాష అన్న నమ్మకం అప్పుడు కలిగింది.

వీవెన్ 2006లో అందుబాటులోకి తెచ్చిన ‘లేఖిని’ని ఈ సందర్భంలోనే చూడాలి. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి అంతకుముందే విదేశాంధ్రులలో వాడుకలో ఉంది. లేఖినిలో రోమను అక్షరాలు కొడుతుంటే పక్కనే తెలుగు ఏర్పడుతుంది. ప్రతి మీటకూ సర్వరుకు పోయిరావడం లేదు, ప్లగిన్ లేదు, ఏదీ స్థాపించుకోనక్కరలేదు. వచ్చినది బొమ్మ కాదు, యూనికోడు పాఠం, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మాక్రోమీడియా 2002లో వాగ్దానం చేసిన లక్షణాలు వీటిలో చాలావరకు ఉన్నా, లేఖినిని రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్ అని ఎవరూ పిలవలేదు. పత్రికల సొంత ఫాంట్లలోని తెలుగును యూనికోడుగా మార్చిచూపిన వెన్న నాగార్జున ‘పద్మ’ కూడా బ్రౌజరుకు అమర్చుకునే పొడిగింపే. ఇవి సాధారణ కంప్యూటరుపై, ఇంటర్నెట్ కేంద్రంలో కూడా తెలుగు రాయడాన్ని, చదవడాన్ని సాధ్యం చేశాయి.

గమనించవలసినదేమంటే, జేఎన్టీయూ ‘వెబ్ టెక్నాలజీస్’ పత్రంలో జావాస్క్రిప్టు అప్పటికే పాఠ్యాంశం. బాచుపల్లి, మైసమ్మగూడ ప్రయోగశాలల్లో అది రోజూ బోధించిన విషయమే. విద్యార్థికి ఇచ్చిన అభ్యాసం మాత్రం సాధారణంగా ఫారంలో పేరు, ఈమెయిలు సరిగా నింపారో లేదో తనిఖీ చేయడం. లేఖినికి కావలసిన పరికరం చేతిలో ఉంది. ఆ పరికరంతో సొంత భాషకు ఏం చేయవచ్చన్న ప్రశ్నే పత్రంలో లేదు. ఆప్లెట్ కొనసాగడం కంటె ఈ లేమి పెద్ద నష్టమని నా అభిప్రాయం. పాత ఉపకరణాన్ని నేర్చినవాడు కొత్తదాన్ని ఆరునెలల్లో నేర్చుకోగలడు. అడగని ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

6. ఆధారాల సమస్య

ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు ముగించి, 2021 జనవరి 12 నుంచి ప్లేయరులో అది నడవకుండా నిరోధించింది. సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబరు 12 ఆఖరి రోజు. ఈ కాలాన్ని అధ్యయనం చేయదలచిన పరిశోధకునికి విశ్వవిద్యాలయ నియమావళులు, పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. శిక్షణకేంద్రాల జిరాక్సు నోట్సు చిత్తుకాగితాల దుకాణాలకు చేరింది. బయటి పరీక్షకుని సంతకమయ్యాక విద్యార్థుల ల్యాబ్ రికార్డుల గతీ అదే. ఒక తరం ఏ ప్రోగ్రామును ఎలా అర్థం చేసుకొని రాసిందో, అవుట్‌పుట్ బొమ్మను పెన్సిలుతో ఎలా గీసిందో చూపే ఏకైక సాక్ష్యం ఆ రికార్డే. ఏ కళాశాల గ్రంథాలయమైనా ఏడాదికి పది రికార్డులు దాచి ఉంటే అది అపూర్వమైన సంచయమవుతుంది.

ఫ్లాష్ దస్త్రాల సంగతి ఇంకా చిక్కైనది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచి ‘రఫుల్’ అనే అనుకరణ సాఫ్ట్‌వేరుతో పాత ఫ్లాష్ కృతులను తిరిగి నడిపిస్తోంది. అందువల్ల తెలుగు పిల్లల పాటలు, పండుగ శుభాకాంక్షలు, కళాశాలల ముఖపుటలు దస్త్రంగా మిగిలి ఉంటే మళ్ళీ తెరమీద కదలవచ్చు. వాటిలోని తెలుగును పట్టికకెక్కించాలంటే మాత్రం మనిషి ఒక్కొక్కటి తెరిచి, చదివి, మళ్ళీ టైపు చేయవలసిందే. ఆ దస్త్రాల్లో ఉన్నవి అక్షరాలు కావు, గీతలు.