బల్లార్షా జంక్షను – సిరొంచ తెలుగువారు

మన సంఘ సభ్యులను ‘ప్రవాసాంధ్రులు’ అని వ్రాయుట ప్రతి ఉగాది సంచికలోను అలవాటైపోయినది. ఈ మారు చందాలు వసూలు చేయునప్పుడు ఒక సోదరుడు, “సిరొంచవారు మహారాష్ట్రంవారే గదా, వారు ప్రవాసులెట్లా అవుతారు?” అని అడిగినారు. ప్రశ్న సబబైనదే. దానికి జవాబు మన రైలు మార్గం చరిత్రలోను, అంతకు ముందటి నది చరిత్రలోను కలదు. నేను పండితుడను కాను, మెట్రిక్ చదివిన టికెట్టు గుమాస్తాను. తెలిసినంతవరకు మనవి చేస్తాను.

ముందు సిరొంచ. ప్రాణహిత ఒడ్డున, అది గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న ఊరు. ఎదుటి ఒడ్డున కాళేశ్వరం. 1860లో నిజాము గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి వదలగా వారు ‘అప్పర్ గోదావరి’ జిల్లా ఏర్పరచి సిరొంచను ముఖ్యపట్టణం చేసినారు. భద్రాచలం కూడ ఆ జిల్లాలోనిదే! ఆనాడు శ్రీరామచంద్రుడు సిరొంచ కచేరీ కింద ఉన్నాడన్నమాట.

దొరలకు ఈ అడవి మీద అంత ఆపేక్ష ఎందుకంటే, ప్రత్తి. వార్ధా తీరాన పండిన ప్రత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవలలో సముద్రానికి చేర్చవలెనని కాటన్ దొర తలపు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి ప్రత్తి ఆగిపోవడంతో ఈ తలపుకు బలం వచ్చినది. నదికి అడ్డంగా మూడు చోట్ల రాతి గుట్టలు, సుడులు ఉండేవి. వాటిని దాటించుటకు హెయిగ్ దొర ఆనకట్టలు, కాలువలు మొదలుపెట్టినాడు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పథకంలోనిదే. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూరుకు వచ్చేసినది. రైలుండగా, ఎండాకాలం నీళ్ళు చాలని నదిని ఎవరు నమ్ముతారు? 1871లో పనులు ఆపివేసినారు. 1874లో జిల్లాయే పోయినది. భద్రాచలం మద్రాసు వైపు వెళ్ళినది, సిరొంచ చాందా జిల్లాలో తాలూకాగా మిగిలినది. రైలు మన సిరొంచకు చేసిన మొదటి ఉపకారం ఇది!

ఇక బల్లార్షా. గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్‌షా పేర వెలసిన ఊరు, వార్ధా ఒడ్డున ఆయన కోట నేటికీ ఉన్నది. రాజధాని చాందాకు మారిన తరువాత ఊరు సద్దుమణిగి, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో బొగ్గు గనితో మరల మేల్కొన్నది. ఉత్తరాన వార్ధా నుండి లైను వచ్చినది. దక్షిణాన కాజీపేట నుండి నిజాము రైలు పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా అడవి కొట్టుకుంటూ వచ్చి 1929 నాటికి ఇక్కడ కలిసినది. ఆ సంవత్సరమే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పెషావరు, మంగుళూరుల మధ్య నడిచినది. మద్రాసు నుండి ఢిల్లీకి సూటి దారి ఇదే అయినది.

మన పెద్దలు అనేకులు ఈ లైను పట్టుకునే వచ్చినారు. కరీంనగరం, ఆదిలాబాదు పల్లెల నుండి బొగ్గు గనులకు, 1945లో ఏర్పడిన కాగితపు కంపెనీ మిల్లుకు, రైల్వే పనులకు. అప్పట్లో వార్ధా వంతెన దాటితే నిజాము రాజ్యం. ఆవలి రాజురా ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 1956లో బొంబాయి రాష్ట్రంలో చేరినది. 1966లో సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడినప్పటినుండి బల్లార్షా రెండు రైల్వేల సరిహద్దు.

కాబట్టి మన సంఘంలో రెండు రకాల తెలుగువారున్నారు. ఒకరు రైలెక్కి వచ్చినవారు. రెండవవారు కదలనే లేదు, జిల్లాలు, రాష్ట్రాలే వారిమీదుగా కదిలిపోయినవి. సిరొంచ తాలూకా 1950 వరకు సెంట్రల్ ప్రావిన్సులో, 1956 వరకు మధ్యప్రదేశంలో, ఆపై బొంబాయిలో, 1960 నుండి మహారాష్ట్రంలో ఉన్నది. 1982లో గడ్చిరోలి జిల్లా అయినది. ఇన్ని బోర్డులు మారినా ఇంటిలో మాట మారలేదు.

ఒకనాడు నా కిటికీ దగ్గర ఒక పెద్దమ్మ మరాఠీలో మొదలుపెట్టి, నా మాట యాస పసిగట్టి, “బిడ్డా, మంచిర్యాలకు టికెట్ ఎంతనే?” అని అడిగినది. సిరొంచ మనిషి. వెంట ఉన్న మనుమడు తెలుగు గడగడ మాట్లాడుచున్నాడు. చేతిలోని తెలుగు పెండ్లి పత్రిక చదవమంటే తెల్లముఖం వేసినాడు. వాడు చదివింది మరాఠీ బడి. వాడిని తప్పుపట్టనక్కరలేదు, బ్రతుకుతెరువుకు మరాఠీ కావలసినదే. మరి రైలు వెంట వచ్చిన మన పిల్లలు? అక్షరాలూ రావు, పలుకూ తగ్గుచున్నది. వందేళ్ళకు పైగా వేరే ప్రభుత్వాల కింద పలుకు నిలుపుకున్నవారిని ‘మీరు మనవారేనా’ అని అడిగే హక్కు మనకున్నదా అని నా సందేహం.

ఉగాదినాడే మన మరాఠీ ఇరుగుపొరుగువారికి గుడీ పాడ్వా. వారు గుడికి వేపమండ కడతారు, మనం పచ్చడిలో వేపపూత వేస్తాము. చైత్రంలోనే చాందా మహాకాళి జాతర. ఆ దినాలలో టికెట్టు కిటికీ ముందు తెలుగెవరో మరాఠీ ఎవరో పోల్చుట కష్టం.

సిరొంచకు నేటికీ రైలు లేదు. గడ్చిరోలి జిల్లా మొత్తానికి మొదట వచ్చిన స్టేషను వడసా ఒక్కటే, అదీ ఉత్తరపు కొసన. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మనవారు అనేకులు దారి అడిగినారు గనుక వ్రాస్తున్నాను. ఆలపల్లి అడవి గుండా బస్సున్నది, చాల దూరం. లేదా బల్లార్షాలో రైలెక్కి మంచిర్యాలలో దిగి, చెన్నూరు మీదుగా బస్సులో ప్రాణహిత వంతెన దాటవలెను. పూర్వం అక్కడ పడవే గతి. మహారాష్ట్రంలో బయలుదేరి మహారాష్ట్రం చేరుటకు తెలంగాణ గుండా పోవలెను. టికెట్టు మాత్రం మంచిర్యాల వరకే ఇవ్వగలను.