పాఠం చెప్పని హాస్యం: ‘సైన్‌ఫెల్డ్’ ధారావాహికపై ప్రేక్షకుల అభిప్రాయాలు

స్టాండప్ కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్, అదే వృత్తిలోని తన మిత్రుడు ల్యారీ డేవిడ్‌తో కలిసి రూపొందించిన ‘సైన్‌ఫెల్డ్’ 1989 నుంచి 1998 వరకు అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌లో ప్రసారమైంది. తొమ్మిది సీజన్లు, 180 ఎపిసోడ్లు. ఇందులో సైన్‌ఫెల్డ్ తన సొంత పేరుతో, సొంత వృత్తితోనే కనిపిస్తారు. చుట్టూ జార్జ్, ఇలేన్, క్రేమర్ అనే ముగ్గురు స్నేహితులు, న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్, కాఫీ తాగే ఒక హోటల్. వేదిక మీద చెప్పే హాస్యానికి సరుకు కమెడియన్‌కు ఎక్కడ దొరుకుతుందో చూపించడమే తొలి ఆలోచన. ‘ఏమీ జరగని ధారావాహిక’ అన్న పేరు తర్వాత వచ్చింది. నాలుగో సీజన్ కథలో జెర్రీ, జార్జ్ ఒక ఛానెల్‌కు తమ ఆలోచనను వినిపించే సందర్భం నుంచి అది జనంలోకి పాకింది.

రచయితలకు ల్యారీ డేవిడ్ ఒక నియమం పెట్టారు: పాత్రలు చివర్లో ఒకరినొకరు కౌగిలించుకోకూడదు, ఏ గుణపాఠమూ నేర్చుకోకూడదు. ఈ ధారావాహికపై తొమ్మిదేళ్లలో వచ్చిన మెప్పునూ అభ్యంతరాన్నీ పరిశీలిస్తే, రెండింటిలోనూ ఎక్కువ భాగం ఈ నియమం దగ్గరికే చేరుతుంది. 1989లో ప్రేక్షకులకు లోపంగా తోచినది తర్వాత వారికి ఇష్టమైంది. 1998లో ఆ నియమం సడలినప్పుడు అదే ప్రేక్షకులు నొచ్చుకున్నారు.

ప్రసారానికి ముందు ఎన్‌బీసీ తొలి ఎపిసోడ్‌ను కొంతమంది ప్రేక్షకులకు చూపించి అభిప్రాయాలు సేకరించింది. ‘బలహీనం’ అని నివేదిక తేల్చింది. మళ్లీ చూడాలన్న ఉత్సాహం ఏ వర్గంలోనూ కనిపించలేదు. ఇద్దరు మగవాళ్లు బట్టలు ఉతికే చోట కూర్చుని మాట్లాడుకుంటుంటే చూడటానికేముందన్నది వారి సందేహం. జార్జ్ పాత్ర వారికి ఆనలేదు. ఆ నివేదికను వారి అభిరుచి లోపంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. అప్పటికి అమెరికా ఇళ్లలో అందరూ చూస్తున్నది ‘ది కాస్బీ షో’. దాని కథానాయకుడూ స్టాండప్ వేదిక నుంచి వచ్చినవాడే. కానీ అక్కడ తండ్రి పిల్లల తప్పు దిద్దుతాడు, అరగంటలో ఇల్లు చక్కబడుతుంది. ఆ తీరుకు అలవాటుపడినవారికి ఈ కొత్త కథ ఎటు పోతుందో అంతుపట్టలేదు. 1989 జులై 5న తొలి ఎపిసోడ్ ప్రసారమయ్యాక కూడా ఛానెల్ అడిగినవి నాలుగే ఎపిసోడ్లు. వాటి ఖర్చునూ రాత్రి పొద్దుపోయాక వచ్చే కార్యక్రమాల, ప్రత్యేక కార్యక్రమాల విభాగాన్ని చూసే రిక్ లుడ్విన్ తన బడ్జెట్‌లోంచి సర్దారు. స్త్రీ పాత్ర బలంగా ఉండాలన్న ఛానెల్ కోరిక మేరకు ఇలేన్ పాత్ర ఆ తర్వాతే చేరింది. ఆ పాత్రలో జూలియా లూయిస్-డ్రైఫస్‌కు దక్కిన ఆదరణ చూస్తే, ఆ కోరిక ధారావాహికకు మేలే చేసిందని ఒప్పుకోవాలి.

1991 మే 23న వచ్చిన ‘ది చైనీస్ రెస్టారెంట్’ ఎపిసోడ్ ఈ చర్చలో కీలకమైనది. జెర్రీ, జార్జ్, ఇలేన్ హోటల్లో టేబుల్ కోసం ఎదురుచూస్తారు, టేబుల్ దొరకదు, కథ అంతే. తెర మీద గడిచే సమయం, చూసేవారికి గడిచే సమయం ఒకటే. ఇందులో కథే లేదని ఛానెల్ అధికారులు అభ్యంతరం చెప్పారు, ప్రసారాన్ని సీజన్ చివరికి నెట్టారు. ప్రేక్షకులు మాత్రం దాన్ని తమ అనుభవంగా గుర్తుపట్టారు. ఆకలితో నిలబడి, తమ తర్వాత వచ్చినవాళ్లు ముందు లోపలికి వెళ్తుంటే చూడటం ఎవరికి తెలియదు? పరీక్షా ప్రదర్శనలో ‘ఇందులో చూడటానికేముంది’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది: ఎవరి రోజులోనైనా సగం ఇలాంటి సమయమే.

ఆదరణ పెరిగిన తీరును రేటింగ్‌లు చూపిస్తాయి. టీవీ ప్రేక్షకుల సంఖ్యను కొలిచే నీల్సన్ జాబితాలో నాలుగో సీజన్‌లో 25వ స్థానం, అయిదో సీజన్‌లో మూడు, 1994-95లో ఒకటి, చివరి సీజన్‌లో మళ్లీ ఒకటి. అయితే 1993 ఫిబ్రవరిలో ధారావాహిక గురువారం రాత్రి, బాగా ఆదరణ ఉన్న ‘చియర్స్’ తర్వాతి సమయానికి మారింది. అంటే అభిరుచితోపాటు ప్రసార వేళకూ ఈ పెరుగుదలలో వాటా ఉంది. పైగా రేటింగ్ ఎంతమంది చూశారో చెబుతుంది గానీ ఎవరు చూడలేదో సులువుగా చెప్పదు. దేశమంతటికీ మొదటి వరుసలో ఉన్న ఈ ధారావాహిక నల్లజాతి కుటుంబాల్లో ఎంతో వెనుకబడింది. వారు నల్లజాతి పాత్రలతో నడిచే ‘లివింగ్ సింగిల్’ లాంటి ధారావాహికలను చూశారు. న్యూయార్క్ జీవితాన్ని చూపిస్తూ ఆ నగరంలోని నల్లజాతివారిని దాదాపు పక్కకు పెట్టిన కథ వారిని ఆకట్టుకోకపోవడంలో వింత లేదు.

అభ్యంతరాల స్వభావం కూడా ఒకేలా లేదు. 1992 నవంబర్ నాటి ‘ది కాంటెస్ట్’ లైంగిక నిగ్రహంపై పందెం గురించినది. అసలు మాటను ఒక్కసారి కూడా పలకకుండానే కథ సాగుతుంది. కొందరు ప్రకటనదారులు తప్పుకున్నా, దాని రచనకు ల్యారీ డేవిడ్‌కు ఎమ్మీ అవార్డు దక్కింది. జెర్రీ, జార్జ్ స్వలింగ ప్రేమికులన్న పుకారుపై నడిచిన ‘ది అవుటింగ్’ నొప్పిస్తుందేమోనన్న భయంతో మొదలై, ఆ వర్గం తరఫున పనిచేసే గ్లాడ్ సంస్థ అవార్డును అందుకుంది. 1996 మేలో జార్జ్ కాబోయే భార్య సూసన్, పెళ్లి పత్రికల కవర్ల జిగురు నాకి చనిపోతుంది. కబురు విన్న స్నేహితులు కాసేపటికే కాఫీకి బయలుదేరతారు. ఇంత నిర్దయ తగదని బాధపడినవారున్నారు. నియమాన్ని తూచా తప్పకుండా పాటిస్తే కథ ఎక్కడికి చేరుతుందో ఆ ఎపిసోడ్ చూపింది.

దక్షిణాసియా మూలాలున్నవారి దృష్టిలో బాబు భట్ పాత్ర ప్రత్యేకంగా చర్చించదగినది. 1991లో పరిచయమైన ఈ పాకిస్తానీ హోటల్ యజమాని జెర్రీ ఇచ్చిన సలహా విని నష్టపోతాడు; 1993లో అతని వీసా కాగితాలు జెర్రీ టపాలో కలిసిపోవడంతో దేశం విడిచి వెళ్లాల్సి వస్తుంది. అతని ఉచ్చారణను, వేలు ఊపే తీరును నవ్వుకు వాడుకోవడం నేడు ఇబ్బంది కలిగించేదే. కానీ కథలో తప్పు అతనిది కాదు. సాయం చేశానని మురిసిపోయే జెర్రీది. 1998 మే 7 నాటి ‘ది ప్యూర్టో రికన్ డే’కు అలాంటి సమర్థన దొరకదు. అందులో క్రేమర్ పొరపాటున ప్యూర్టో రికో జెండాను తగలబెడతాడు. ఆ సమాజం నిరసన తెలిపింది. ఎన్‌బీసీ క్షమాపణ చెప్పి పునఃప్రసారాన్ని నిలిపివేసింది.

సరిగ్గా వారానికి, మే 14న, చివరి ఎపిసోడ్ వచ్చింది. 7.63 కోట్ల మంది చూశారు. టీవీ ల్యాండ్ అనే మరో ఛానెల్ ఆ గంటసేపు తన కార్యక్రమాలనే ఆపేసింది. రెండేళ్ల కిందట తప్పుకున్న ల్యారీ డేవిడ్ ఆ ఎపిసోడ్ రాయడానికి తిరిగి వచ్చారు. ఒక మనిషిని దొంగ దోచుకుంటుంటే నలుగురూ నిలబడి నవ్వుతూ చూస్తారు. ఆపదలో ఉన్నవారికి సాయపడాలన్న చట్టం కింద వారిపై విచారణ జరుగుతుంది. పాత ఎపిసోడ్లలో బాధపడినవారంతా, బాబు భట్‌తో సహా, వచ్చి సాక్ష్యం చెబుతారు. నలుగురికీ ఏడాది జైలు.

చాలామందికి ఇది నచ్చలేదు. నవ్వు తక్కువైందని, పాత దృశ్యాలే తిరిగి వచ్చాయని అన్నారు. ఆ అసంతృప్తికి మూలం మరింత లోతుగా ఉందనిపిస్తుంది. తొమ్మిదేళ్లపాటు ఆ స్వార్థాన్ని చూసి నవ్వమన్న ధారావాహిక, చివరి గంటలో న్యాయమూర్తి నోట దానికి శిక్ష వేయించింది. పాత్రలు మారలేదు, జైల్లోనూ చొక్కా గుండీ గురించే మాట్లాడుకుంటాయి. తీర్పు తగిలింది వాటితో కలిసి నవ్వినవారికి. నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే దాని ఆత్మను రచయిత వదిలేశారని ఆ ప్రేక్షకులు పసిగట్టారు. ఎపిసోడ్‌ను సమర్థించేవారు దీన్నే ధైర్యమంటారు. ఆ వాదనలో బలం లేకపోలేదు.

2021 అక్టోబర్‌లో ధారావాహిక నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. పాత టీవీ కొలతలో తీసిన దృశ్యాలను వెడల్పు తెరకోసం పైనా కిందా కత్తిరించారు. ‘ది పాట్‌హోల్’ ఎపిసోడ్‌లో రోడ్డు మీది గుంతే తెర మీద కనిపించకుండా పోయిందని అభిమానులు ఫిర్యాదు చేశారు. ఫ్రేములో ఒక మూల కోసం పట్టుబట్టే ఈ శ్రద్ధ, 1989 నివేదికకు ఎంతో దూరంలో ఉంది.

ముగింపు గురించిన వివాదానికి ల్యారీ డేవిడ్ 2024 ఏప్రిల్ 7న మళ్లీ తెర మీదే స్పందించారు. ఆయన తన సొంత పేరుతోనే కనిపించే మరో ధారావాహిక ‘కర్బ్ యువర్ ఎన్‌థూజియాజమ్’ చివరి ఎపిసోడ్‌లోనూ విచారణ ఉంది, పాత బాధితుల సాక్ష్యం ఉంది, జైలు శిక్ష ఉంది. అయితే జ్యూరీ సభ్యుడొకడు నిబంధన తప్పాడని జెర్రీ సైన్‌ఫెల్డ్ కనిపెట్టడంతో ఆ విచారణ చెల్లకుండా పోతుంది. జైలు నుంచి బయటికి వస్తూ, పాత ధారావాహికను తాము ఇలాగే ముగించి ఉండాల్సిందని ఇద్దరూ అనుకుంటారు.